నొక్కి పలకవలసిన అక్షరం

నమోదు 1

ఈ ఉదయం విత్తనగది యంత్రం నాకు ఒక బస్తా కొమ్ముల పొడి ఇచ్చింది. నేనడిగింది సరుగుడు విత్తనం.

రోజూ జరిగింది జరిగినట్టు చెప్పి దాచమని మా గట్టు పెద్ద అనసూయమ్మగారి ఆజ్ఞ. తర్వాత ఎవరూ ఎవరినీ తిట్టుకోకుండా ఉండటానికట. సరే, చెబుతున్నాను. నా పేరు హైమవతి. ఉత్తరగట్టు విత్తనగది నా బాధ్యత. పోయిన గాలికారులో, అంటే పెనుగాలుల కాలంలో, దుమ్ము యంత్రం మెదడులోకి దూరింది. దాంతో అది నేర్చుకున్నదంతా మరిచి, భూమి మీద తయారైన నాటి స్థితికి పోయింది. మీటలు ఇసుకకు అరిగి పనిచేయడం లేదు కాబట్టి ఏం కావాలన్నా నోటితోనే అడగాలి. వరి అంటే వరి ఇస్తుంది. జొన్న అంటే జొన్న ఇస్తుంది. సరుగుడు అంటే మాత్రం, "ఈ అరకు వర్గనామం చెప్పవలెను" అంటుంది.

వర్గనామం ఆ అర తలుపు మీదే చెక్కి ఉంది. సెరోటినస్. లాటిన్ నుంచి వచ్చిన శాస్త్రపదం, విశేషణం. చదవడానికి కష్టమేమీ లేదు. చదివాను.

"పలికిన పదం: కెరాటినస్. కొమ్ము, గిట్ట స్వభావం కలది. సరుకు విడుదలవుతోంది" అంది యంత్రం. బస్తా వచ్చి నా కాలి వేళ్ల మీద పడింది.

కుంటుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆయన చలపతి బడిలో తెలుగు చెబుతాడు. సంగతి విని, "ఎరువు కింద పనికొస్తుందిలే" అన్నాడు. దేనికి ఎరువు? నాటడానికి విత్తనమేది?

నమోదు 2

పొద్దున్నే మళ్లీ యంత్రం ముందు నిలబడ్డాను. 'సె'ని జాగ్రత్తగా, పళ్లకు తగిలేలా పలికాను. యంత్రం చాలాసేపు ఆలోచించి, "అర్థమైంది. సహాయం వస్తోంది" అంది.

వచ్చింది డాక్టర్ ఫిలోమినా. చేతిలో మాత్రల సీసా.

"హైమా, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఏది?"

"దిగులు."

"నాకు దిగులేమీ లేదు. ఒళ్లు మండిపోతోంది."

"అదీ ఒక లక్షణమే" అని నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "విత్తనాల మనిషి సెరొటోనిన్ కావాలని పొద్దుటి నుంచి అడుగుతోందని నీ యంత్రం నాకు కబురు పెట్టింది. మనసు బాగుండటానికి ఒంట్లో ఊరే పదార్థం అది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?"

ఆమెకు విషయమంతా చెప్పేసరికి నా గొంతు పోయింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె గోడవైపు తిరిగింది. పోతూ పోతూ మాత్రలు మాత్రం బల్ల మీద పెట్టి పోయింది. "ఉండనీ. ఇంకా ఎన్నిసార్లు అడగాలో ఏమో" అంది.

నమోదు 3

ఈరోజు ఎట్టకేలకు నా పదం ఆ పదంగానే యంత్రానికి వినబడింది. కొమ్ములూ లేవు, మాత్రలూ లేవు.

"పదం గుర్తించబడినది. కానీ నాలుగు అక్షరాలూ ఒకే బరువుతో పలికారు. దయచేసి నొక్కి పలకవలసిన అక్షరాన్ని నొక్కి పలకండి."

"ఏ అక్షరాన్ని నొక్కాలి?"

"అది పలికేవారికి తెలిసి ఉండవలెను."

గట్టిగా అన్నాను. "కేకలు వేయవద్దు" అంది. 'రో' దగ్గర సాగదీసి అన్నాను. "సాగదీశారు. నొక్కలేదు" అంది. మూడోసారి ఏమన్నానో ఇక్కడ చెప్పను. మూడు తప్పులైతే ఆ ఒక్క అర విషయంలో మర్నాటి దాకా మూసుకుంటుంది. మూసుకుంది.

తెలుగులో పుట్టిన నాలుకకు ఈ నొక్కడమేమిటో అర్థం కాదు. మన మాటల్లో పొట్టి ఉంది, పొడుగు ఉంది, వత్తు ఉంది. ఒక అక్షరాన్ని అందలం ఎక్కించి మిగతావాటితో మోయించే అలవాటు మనకు లేదు.

యంత్రానిది ఉత్త మొండితనమని కూడా అనలేను. సరుగుడు అర తెరిస్తే కాయలకు లోపలే వేడి పెట్టి బయటికి ఇస్తుంది. పొరపాటున ఆ వేడి వరి అరకు పెట్టిందంటే, మిగిలేది పేలాలే. అందుకే అడిగే మనిషికి పదమూ అర్థమూ రెండూ తెలుసో లేదో చూసుకోమని దాన్ని చేసినవాళ్లు నేర్పారు. అన్నం పెట్టే ముందు అన్నప్రాశన పద్యం అడిగినట్టుంది.

మధ్యాహ్నం మస్తాన్‌వలి వచ్చాడు. గట్టులో ఇనుము కోసేది, అతికేది అతనే. తలుపును పైనుంచి కింది దాకా చేత్తో తడిమి చూశాడు.

"కోసేద్దాం హైమక్కా."

"కోస్తే లోపలి చలి పోతుంది మస్తానూ. వరీ జొన్నా అన్నీ వేడెక్కి చచ్చిపోతాయి."

"కొన్ని పోతే పోతాయి. గాలి ఆగదు గదా మన కోసం."

గట్టు చుట్టూ ఉండే పాత సరుగుడు తోపు తెగులొచ్చి ఎండిపోయాక, అడ్డు లేని గాలి పోయినసారి పంటశాల పైకప్పును లేపేసింది. ఆ కప్పు కింద మస్తాన్ భార్య జైబున్నీసా ఉంది. ఆమెను బయటికి తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

నమోదు 4

అనసూయమ్మగారు అందరినీ పిలిచారు. మాట నాన్చే మనిషి కాదామె.

"సన్నజల్లు పడే వారంలోనే విత్తాలి. ఏడాదికి ఒకే తడుపు మనకు. ఈ ఏడు సరుగుడు పడకపోతే పల్లపు శిబిరానికి దిగిపోదాం. వాళ్లతో మాట్లాడాను, మనుషుల్ని తీసుకుంటామన్నారు. పశువుల్ని కాదు."

పల్లపు శిబిరమంటే సొరంగాలు. ఎండ ముఖం చూడాలంటే వంతు రావాలి. వెనక బెంచీలో ఎవరో ఆవుల పేర్లు ఒక్కొక్కటే గొణుక్కుంటున్నారు.

"హైమా, తలుపు తెరుచుకుంటుందా లేదా?" అన్నారు.

"భూమికి కబురు పంపానండీ. ఆ మాట ఎలా పలకాలో గొంతుతో చెప్పి పంపమని అడిగాను."

"జల్లు మొదలయ్యేదాకా చూస్తాను. ఆ తర్వాత మస్తాన్ కోస్తాడు. విత్తనం సగం పోయినా సరే."

నేను ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపారు. ఆమె కోపంగా లేరు. కోపంగా ఉన్నా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని.

నమోదు 5

భూమి నుంచి జవాబు వచ్చింది. రెండు గొంతులు పంపారు.

ఒకాయన 'సెరోటినస్' అన్నాడు. ఇంకొకామె 'సెరోటైనస్' అంది. కింద ఒక ముక్క: "రెండూ వాడుకలో ఉన్నాయి. మీకు నచ్చినది వాడుకోవచ్చు."

నాకు నచ్చినదట. నాకు నచ్చిన మాటలు ఆ క్షణంలో చాలా వచ్చాయి, ఏవీ లాటిన్ కావు.

ఆ గొంతుల్ని యంత్రానికే నేరుగా వినిపించాను. "నమోదైన సంరక్షకురాలి స్వరం కాదు" అని మూసుకుంది. నమోదైన సంరక్షకురాలిని నేనే. నా నోటితో నేనే అనాలి.

సాయంత్రం వంటింట్లో గిన్నెలు మోత మోగిస్తుంటే చలపతి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ పదం ఒకసారి అను."

"మీరు పిల్లలకు గురులఘువులు చెప్పుకోండి మాస్టారూ. ఇక్కడ మనుషులు పల్లానికి దిగిపోతున్నారు."

"ఒకసారి అనవే."

నేను అనలేదు. ఫిలోమినా అంది. నన్ను చూసిపోవడానికి వచ్చి, పీట మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. రెండు రకాలూ పలికి వినిపించి, "మా నాయనమ్మ లాటిన్‌లో జపమాల చెప్పేది. ముక్కకు అర్థం తెలియదు పాపం, రాగం మాత్రం తప్పేది కాదు. ఈ మాట అలాంటిదే" అంది.

చలపతి ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు. "ఆవిడ మాటలు నాలుగు చెప్పండి డాక్టరమ్మా. ఆవిడ ఎలా అనేవారో అలాగే చెప్పాలి."

ఆమె కళ్లు మూసుకుని నాయనమ్మ గొంతు పెట్టింది. "దోమినుస్. స్పీరితుస్. మిసెరేరే." దోమినుస్‌లో బరువు 'దో' మీద పడింది. స్పీరితుస్‌లో 'స్పీ' మీద. మిసెరేరేలో మాత్రం మొదట పడకుండా నడిమి 'రే' మీద పడింది.

చలపతి రొట్టెల పీట మీది పిండిలో వేలితో గీతలు గీశాడు. పొట్టి అక్షరం లఘువు, దీర్ఘమో వత్తు ముందుదో అయితే గురువు. మా బడిలో రెండో తరగతికే వచ్చే విద్య ఇది.

"చివరి అక్షరం వదిలెయ్యి. దాని ముందుది చూడు. దోమినుస్‌లో అది 'మి', లఘువు. బరువు దాని మీద నిలవలేక వెనక్కిపోయి 'దో' మీద కూర్చుంది. మిసెరేరేలో అది 'రే', గురువు. అక్కడే ఆగింది."

"స్పీరితుస్?" అన్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"'రి' లఘువు. వెనక్కిపోయి 'స్పీ' మీద పడింది."

గిన్నె కింద పెట్టేశాను. "అయితే మన పదంలో చివరిదాని ముందుది 'టి'. అది పొట్టిదైతే బరువు 'రో' మీద. పొడుగుదైతే 'టి' మీదే. భూమి వాళ్ల తగాదా అంతా ఇక్కడే ఉంది."

"పొడుగే అయ్యుంటుంది" అంది ఫిలోమినా. "మా నాయనమ్మ 'మాతుతీనా' అనేది. తెల్లవారుజాముది అని అర్థమట. మీ మాటకేమో ఆలస్యపుది అని అర్థం. రెండూ వేళకు చెందినవే కదా. అక్కడ 'తీ' అయితే ఇక్కడా 'టీ'నే."

ముగ్గురికీ సబబుగానే తోచింది. చలపతి చేతికి అంటిన పిండి నా చీరకు తుడిచాడు. ఇంకోరోజైతే ఊరుకునేదాన్ని కాదు.

నమోదు 6

పొద్దున 'సెరోటీనస్' అన్నాను.

"దీర్ఘం లేని చోట దీర్ఘం పెట్టారు" అంది యంత్రం.

అంటే 'టి' పొట్టిది. అంటే బరువు 'రో' మీద. ఇంత తెలిశాక ఇంకేం కావాలి? 'రో' మీద పెట్టాను. "సాగదీశారు." మళ్లీ పెట్టాను. పక్కన ఫిలోమినా, "దోమినుస్ లాగా, ముందు ఒక 'సె' ఉందనుకో" అంటూ చేతులూపుతోంది. ఆమె నోట్లో తేలిగ్గా దొర్లేది నా నోట్లోకి రాలేదు. "కేకలు వేయవద్దు" అని యంత్రం మూసుకుపోయింది.

జవాబు తెలిసీ చెప్పలేకపోవడం కన్నా తెలియకపోవడమే నయం. తలుపును కాలితో తన్నాను. కొమ్ముల బస్తా పడ్డ కాలే.

బయటికొచ్చేసరికి ముఖం మీద చినుకు పడింది. జల్లు మొదలైంది.

అనసూయమ్మగారు అరుగు మీద నిలబడి ఆకాశం చూస్తున్నారు. నన్ను చూసి, "రేపు పొద్దున్న మస్తాన్ వస్తాడు. వరి, జొన్న ఎంత పడితే అంత తీసి అందరి ఇళ్లలో చల్లటి చోట పెట్టించు. కొంతన్నా బతుకుతాయి" అన్నారు.

పొద్దుగూకే దాకా బస్తాలు మోయించాను.

నమోదు 7

ఇనుము కోసే యంత్రం బరువైనది. చక్రాలు తడిమట్టిలో దిగబడితే దాన్ని ఇనుప జారుడుబండి మీదికెక్కించి, తాళ్లు కట్టి విత్తనగది వైపు లాగుకొచ్చారు. ముందు మస్తాన్, వెనక పదిమంది. నేను విత్తనగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానంటే, ఇంకేం చేయాలో తోచక.

"పక్కకు జరుగు అక్కా."

"ఇంకొక్కసారి చూడనీ. పొద్దున్నే కదా, మూడు మాటలు మిగిలున్నాయి."

"ఎన్నిసార్లు చూస్తావు?" అతని గొంతు పెరగలేదు. "నీకది మాట. పలకడం రాకపోతే రేపు మళ్లీ పలుకుతావు. ఆ కప్పు లేచిన రోజున దానికి కట్టిన తాడు ఇవతల పట్టుకుంది నేను. అంతకుముందు, ఇంకొంచెం ఓపిక పట్టండి, తోపు తెగులుకు మందు కనిపెడుతున్నారు అని చెప్పారు అందరూ. ఎవరి మాటా అందలేదు ఆమెకు. నాకు మాటలు వద్దక్కా. విత్తనం కావాలి."

అతను వెనక్కి తిరిగి తాడు భుజాన వేసుకున్నాడు. ఇంకా కాస్త ఎత్తు ఎక్కాలి. అందరూ వంగి ఒక్క గొంతుతో అందుకున్నారు.

"హైలెస్సా... హైలెస్సా..."

కోస్తాలో పడవలు లాగినవాళ్ల మునిమనవలు వీళ్లు. ఈ నేల మీద సముద్రం లేదు, పాట మాత్రం ఉంది. నేను వాళ్ల భుజాలు చూస్తున్నాను. 'హై' దగ్గర ఊపిరి తీస్తున్నారు. 'లె' దగ్గర ఒళ్లంతా తాడు మీద పడుతోంది. 'స్సా' దగ్గర వదిలేస్తున్నారు. 'లె'ని ఎవరూ సాగదీయడం లేదు. కేక వేయడం లేదు. బరువు దాని మీద పడుతోంది, అంతే.

గుమ్మం వదిలి బురదలోకి పరిగెత్తాను. మస్తాన్ వెనక తాడు పట్టుకున్నాను.

"ఏంటక్కా ఇది?"

"లాగు. ఆపకు."

హైలెస్సా. మళ్లీ హైలెస్సా. అరచేతులు మండుతున్నాయి. ఆ ఊపులోనే పెదవుల కింద మాట మార్చాను. 'సె' దగ్గర ఊపిరి. 'రో' దగ్గర తాడు. 'టినస్' దగ్గర వదిలెయ్యడం. సె, రో, టినస్. బురదలో ఇరుక్కున్న బండి కదిలింది. సె, రో, టినస్. నా పక్కనున్నవాళ్లు నాకేదో అయిందనుకున్నారు. ఫిలోమినా కోసం చూస్తున్నారు.

బండి గుమ్మం చేరగానే తాడు కొస చేత్తో అలాగే పట్టుకుని, ఊపు పోకముందే లోపలికెళ్లి యంత్రం ముందు నిలబడ్డాను. మస్తాన్ తాడు వదల్లేదు. రెండో కొస బిగించి పట్టుకున్నాడు. నేను లాగి అన్నాను.

"నొక్కు సరైనది" అంది యంత్రం. "అర్థం చెప్పండి."

"ఆలస్యమైనది."

"అసంపూర్ణం."

నాకు మళ్లీ మంట ఎక్కింది. ఈసారి ఆ మంటే పనికొచ్చింది. "ఆలస్యమైనది, కానీ బద్ధకం వల్ల కాదు. కాయ పండుతుంది, పండినా విచ్చుకోదు. గింజల్ని లోపలే పెట్టుకుని ఏళ్ల తరబడి కొమ్మ మీదే ఉంటుంది. అడవి అంటుకుని సెగ తగిలితేనే నోరు తెరుస్తుంది. ఎందుకంటే అప్పుడే కింద నేల ఖాళీ అవుతుంది, బూడిద ఉంటుంది, మొక్కకు ఎండ అందుతుంది. అలాంటి చెట్టు గుణం అది. చాలా?"

"చాలు. వేడి మొదలవుతోంది. దూరంగా నిలబడండి."

కాసేపటికి లోపల చిటపటమంది. మొదట ఒకటీ అరా, తర్వాత మంగలంలో పేలాలు వేపినట్టు ఆగకుండా. మస్తాన్ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. బయట పదిమందీ చినుకుల్లో తాడు చేత పట్టుకుని వింటున్నారు.

అర తెరుచుకుంది. విచ్చుకున్న కాయల కింద గింజలు, సన్నటి రెక్కలతో. మస్తాన్ వేలు పెట్టి ఒకటి తీసుకుని, అరచేతిలో పెట్టుకుని, ఊపిరికి ఎగిరిపోతుందని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నమోదు 8

విత్తడం అయింది. గట్టు అంచంతా, పిల్లా పెద్దా. నడుములు పోయాయి. కొమ్ముల పొడి ఎరువుగా వేశారు. ఇది చెప్పడం నాకిష్టం లేదు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు.

ఇళ్లలో దాచిన వరిలో కొంత చెడింది. దానికి అనసూయమ్మగారు నన్నేమీ అనలేదు.

నమోదు 9

గాలికారు వచ్చి వెళ్లింది. ఈసారి దెబ్బ తగిలినా మనుషులెవరూ పోలేదు. మొక్కలు జానెడే కాబట్టి గాలిని ఆపింది అవి కాదు, కప్పు మీద రోజంతా వంతులవారీగా తాళ్లు పట్టిన మనుషులు. గాలి తగ్గాక అందరం ఇసుక తవ్వుకుంటూ వెళ్లాం. మూడో వంతు మొక్కలు విరిగిపోయాయి. మిగతావి ఇసుక కింద వంగి ఉన్నాయి. చేత్తో లేపితే లేచాయి.

పల్లపు శిబిరానికి అనసూయమ్మగారు కబురు పంపారు, ఈ ఏడు రావడం లేదని.

అంచు వెంట మొక్కల మధ్య నడవడానికి ఒక దారి వేశారు. దానికి జైబున్నీసా పేరు పెడదామని అనసూయమ్మగారు అన్నారు. అందరూ మస్తాన్ వైపు చూశారు.

"వద్దమ్మా" అన్నాడు. "నీళ్ల కోసం రోజూ పదిసార్లు ఆ దారినే పోతారు. ప్రతిసారీ ఆ పేరు నా చెవిన పడాలి. చెట్టు పేరే పెట్టండి. సెరోటి దారి అనండి."

సెరోటి. తోక తెగింది, నొక్కు పోయింది, మూడు అక్షరాలూ జొన్నగింజల్లా సమానంగా దొర్లాయి. అప్పటికే పిల్లలు సెరోటి మొక్కలంటున్నారని చలపతి చెప్పాడు. లఘువు గురువు లఘువు, చక్కటి జగణం అని సంతోషపడుతున్నాడు కూడా. అది పేరు కాదు, విశేషణమని, దాన్ని అలా విరిచి వాడకూడదని, బరువు ఉండాల్సింది 'రో' మీదని నేను చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ఒక్క అక్షరం కోసం నేను పడ్డది నాకు తెలుసు.

మస్తాన్ నావైపు చూస్తున్నాడు. దిద్దుతానని అనుకున్నట్టున్నాడు.

"సెరోటి దారి బాగుంది" అన్నాను, అతను పలికినట్టే.